పిట్ట ముట్టిన మాట

కురుమయ్య కథ చెప్పాలంటే ముందు ఒక దగ్గు గురించి చెప్పాలి. మనిషి సంగతి అడిగితే దగ్గు సంగతి చెప్తాడేమిటి వీడు అనుకుంటారేమో, అనుకోండి. ఆయన బతుకంతా ఆ దగ్గు చుట్టూ గానుగెద్దులా తిరిగింది. పోనీ అది ఆయన దగ్గా అంటే అదీ కాదు. పక్కవాడిది.

పోలీసు చర్య అయిపోయి నాలుగైదేళ్లు గడిచిన కాలం. ఆత్మకూరు అవతల ఒక పల్లె. జొన్నచేలు, గొర్లు, రాళ్లు; అన్నింట్లోకీ రాళ్లే ఎక్కువ. కురుమూర్తి స్వామికి మొక్కుకుంటే పుట్టాడని నాగులమ్మ కొడుక్కి కురుమయ్య అని పేరు పెట్టుకుంది. మొగుడు తొందరగానే పోయాడు. కలుపులకూ కోతలకూ కూలికి పోయి, పంతం పట్టి కొడుకును మెట్రిక్ దాకా చదివించింది. ఆ ఊళ్లో అంత దూరం వెళ్లినవాడు వాడొక్కడే. వెళ్లాడు సరే, తరవాత? చదివినవాడు గొర్ల వెంట పోతే ఊరు నవ్వుతుంది. కొలువు కావాలి. అది ఏ చెట్టుకు కాస్తుందో చెప్పేవాడు లేడు.

లేకేం, ఒకడున్నాడు. గాలయ్య. తాలూకా ఊళ్లో బస్సు ఆగేచోట చాయ్ దుకాణం ముందు బెంచీ మీద కూచుని ఉండేవాడు. పెళ్లి సంబంధాలు, ఎడ్ల బేరాలు, సర్కారు కొలువులు, అన్నీ ఆ ఒక్క నోటితోనే కుదిర్చేవాడు. నాగులమ్మ కొడుకును వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయింది.

"పాలమూర్ల నాకు తెల్వని సాబు లేడు చెల్లె. నీ కాడున్న యాటపిల్లలు నాకు తోలియ్యి. నీ కొడుకు కుర్చీల కూసున్నట్టే" అన్నాడు గాలయ్య.

నాగులమ్మ కొంగు దులుపుకుని లేచింది. "ఎడ్లకు దలాలు కావాలె గని మనిషికి దలాలు ఎందుకన్నా? మనిషికి నోరున్నది గద!" అని, కొడుకు వైపు తిరిగింది. "అడగంది అమ్మయిన పెట్టదంటరు. పో, కచ్చేరికి పోయి నువ్వే అడుగు. ఇస్తే ఇస్తరు, లేకుంటే లేదు. కొడతరా ఏంది?"

ఆ తాలూకా పేరు నేను చెప్పను. ఈ కథలోవాళ్ల మనుమలూ మనుమరాళ్లూ ఇంకా అక్కడే ఉన్నారు, మనకెందుకు. కృష్ణ ఒడ్డుకు దగ్గరి ఊరు, అంతవరకు చాలు. కచ్చేరి వరండాలో జవాను మైసయ్య ముక్కాలి పీట మీద కూచుని ఉన్నాడు. ఏం కావాలని అడిగాడు. కొలువు కావాలన్నాడు కురుమయ్య. మైసయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కొలువా! గదేమన్న గీడ తరాజుల పెట్టి అమ్ముతున్నరా? గాలయ్య కాడికి పో."

అప్పుడు వినబడింది దగ్గు, మొదటిసారి. పక్క గదిలోంచి, పొడిగా, బావిలో బొక్కెన రాయికి కొట్టుకున్నట్టు. దాని వెనకే ఒక గొంతు. "ఎవరు మైసయ్యా అది? గంత సీదాగ అడిగినోడు ఇన్నేండ్లల ఒక్కడు రాలే. లోపటికి తోలు."

అది రికార్డు గది. గోడల పొడుగునా ఎర్ర గుడ్డల్లో కట్టిన దస్త్రాలు. వాటి మధ్య ఒక టేకు కుర్చీ. దాని బేత్ అల్లిక, అదే పేము అల్లిక, నడుమ గుంతపడి ఉంది. ఆ గుంతలో కూచున్న సన్నటి మనిషి గుర్వయ్య, రికార్డు గుమాస్తా.

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"ఎవ్వరు పంపలే సారూ. మా అమ్మ అడుగుమన్నది."

"గాలయ్య కాడికి పోలేదా?"

"పోయినం. మా అమ్మ ఒప్పలే."

గుర్వయ్య నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గి దగ్గి కళ్లలో నీళ్లొచ్చాయి. తుడుచుకుని, మూలనున్న గోనెసంచి చూపించాడు. "అది మడత పెట్టి నా పక్కన ఏసుకో. సారు గీరు అనకు. కాకా అను."

ఆ రోజుల్లో కచ్చేరీల్లో ఒక పద్ధతి ఉండేది. నిజాం పోయినా అది పోలేదు. కొలువు కావాలన్నవాడు ఒక గుమాస్తా పక్కన చేరి, జీతం లేకుండా, పని నేర్చుకుంటూ, ఏదైనా జాగా ఖాళీ అయ్యేదాకా కూచోవాలి. అట్లాంటివాణ్ని ఉమేదువారు అనేవాళ్లు. ఉమేదు అంటే ఆశ. పేరు మాత్రం ఎంత బాగుంది! బతుకు చూస్తే, పంక్తి పక్కన నిలబడి ఎవరు లేస్తారా అని విస్తళ్ల వైపు చూసేవాడి బతుకు.

ఇంతకీ జాగా ఎట్లా ఖాళీ అవుతుంది? బదిలీ అయితే పైనుంచి ఇంకొకడు వచ్చి వాలుతాడు. పింఛను వయసు ఆ కచ్చేరిలో ఎవరికీ దగ్గర్లో లేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. దాని పేరు ఎవరూ పైకి అనేవారు కాదు. ఉమేదువార్లందరికీ తెలుసు.

గుర్వయ్య దాపరికం లేని మనిషి. తనకు తెలిసిందంతా నేర్పాడు. ఏ దస్త్రం ఏ బల్ల మీద, అర్జీ వస్తే ఎక్కడ నమోదు చెయ్యాలి, ఏ సాబు ముందు ఎంతసేపు నిలబడాలి, ఏ మాటకు తల ఊపి ఊరుకోవాలి. ఆయనకు ఉర్దూ కరతలామలకం, ఇంగ్లీషు అంటే భయం. కొత్త హుకుములన్నీ ఇంగ్లీషులో వస్తుంటే కురుమయ్య చదివి చెప్పేవాడు. "నీ కండ్లు, నా బుర్ర. ఇద్దరం కలిస్తె ఒక గుమాస్తా" అని నవ్వేవాడు గుర్వయ్య. మళ్లీ దగ్గు.

కురుమయ్యకు ఆయనంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తరవాత నన్ను తప్పు పట్టకండి. తండ్రి ముఖం గుర్తులేని పిల్లవాడికి, పక్కన కూచోబెట్టుకుని అక్షరం మీద వేలు పెట్టి చూపించిన మనిషి తండ్రి కాక ఏమవుతాడు? ఆయన భార్య ఈదమ్మ పండగ పూట సద్దిలో ఇతనికీ ఒక ముద్ద కట్టి పంపేది. చిన్నమ్మా అని పిలిచేవాడు.

కానీ కాలం ఊరుకోదు గదా. సర్కారు కొలువులో చేరడానికి ఫలానా వయసు దాటకూడదని ఒక కట్టుబాటు ఉంది. బడి కాగితాల లెక్కన వచ్చే ఉగాదికి కురుమయ్యకు ఆ వయసు దాటిపోతుంది. దాటితే ఇన్నేళ్లు గోనెసంచి మీద కూచున్నదంతా గంగలో కలిసినట్టే. ఊళ్లో 'ఉత్త కొలువు కురుమయ్య' అని పేరు పడింది. నాగులమ్మకు నడుం వంగింది, అయినా కూలికి పోతూనే ఉంది. "ఇంకెన్నొద్దులు బిడ్డా?" అని ఒక్కసారే అడిగింది. ఆ తరవాత అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అటు గుర్వయ్య దగ్గు ముదిరింది. మొదట పొడి దగ్గు, తరవాత కఫం, తరవాత చేతిగుడ్డలో ఎర్ర మరక. పాలమూరు దవాఖానకు పోయి వచ్చాడు, సీసా మందు తెచ్చుకున్నాడు. కుర్చీ మాత్రం వదల్లేదు. కురుమయ్యకు తెలియకుండానే చెవి అటు పోవడం మొదలైంది. పొద్దున గేటు దగ్గర దగ్గు వినబడితే, కాకా వచ్చినట్టే. వినబడకపోతే? కాలు వేగంగా పడేది. ఆ వేగం భయమా, ఇంకేదన్నానా అని అతను తరచి చూసుకోలేదు.

ఒకనాటి మధ్యాహ్నం. అందరూ సద్ది తినడానికి వెనక వేపచెట్టు కిందికి పోయారు. ఆకలి లేదని గుర్వయ్య లోపలే ఉండిపోయాడు. కురుమయ్య రికార్డు గది గడప మీద కూచుని రొట్టె విరుచుకుంటున్నాడు. లోపల దగ్గు. ఊపిరి సలపని దగ్గు. ఉన్నట్టుండి ఆగింది.

రొట్టెముక్క నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. కుర్చీ చప్పుడు లేదు, కాగితం చప్పుడు లేదు. 'అయిపోయిందా' అనుకున్నాడు. దాని వెంటే, పిలవకుండా, ఇంకో మాట వచ్చింది. 'ఉగాదికి ముందే.' తలమీది కట్టెలమోపు ఎవరో దించినట్టు ఒళ్లంతా తేలికయింది. లేచి లోపలికి పరుగెత్తాలి గదా? పరుగెత్తలేదు. కూచునే ఉన్నాడు, వింటూ.

దగ్గు మళ్లీ మొదలైంది.

'అబ్బా' అనుకున్నాడు కురుమయ్య. అనుకున్న తరవాత గాని ఏమనుకున్నాడో తెలియలేదు. తల ఎత్తితే తలుపు పట్టుకుని గుర్వయ్య నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇతని వైపే చూస్తున్నాడు.

"ఇంకా ఉన్న బిడ్డా" అని నవ్వాడు. తన సద్దిమూట ఇతని ఒళ్లో పెట్టాడు. "ఇది గూడ నువ్వే తిను. నాకు సయిస్తలేదు."

కురుమయ్య తిన్నాడు. ఏం చేస్తాడు, ఆకలి. ముద్దకో గుక్క నీళ్లు తాగి దింపుకున్నాడు.

మోదుగుపూలు విరగబూసిన రోజుల్లో, ఉగాది ఇంకా రాకముందే, గుర్వయ్య పోయాడు. పొద్దున కచ్చేరికి రాలేదు. ఇంటినుంచి కబురు వచ్చింది. కురుమయ్య గొంతు చించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజం. ఆనాటి మధ్యాహ్నం గడప మీద కలిగిన తేలికా నిజమే. రెండూ ఒక్క గుండెలో ఇమడవని ఎవరన్నారు? ఇముడుతాయి, మనిషిని నిద్రపోనివ్వవు, అంతే.

మూడోనాడు పిట్టకు పెట్టారు. మన దిక్కు ఆనవాయితీ తెలిసిందే గదా. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి సమాధి మీద పెట్టి, దూరంగా జరిగి కూచుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ ఫికర్ ఇదేనా, ఇది మేం చూసుకుంటాం అని మాట ఇస్తారు. ఏ మాటకు పిట్ట ముడితే అదే ఆయన కోరిక. ఆ మాట తప్పితే పుట్టగతులుండవు.

చేను గట్టున సమాధి. జొన్నరొట్టె, యాటమాంసం కూర, కల్లు, సాసరులో చాయ్, ఒక బీడీ కట్ట పెట్టారు. తుమ్మచెట్టు మీద కాకులు వాలాయి. చూశాయి. దిగలేదు.

ఈదమ్మ తమ్ముడు కాటమయ్య ముందుకు వచ్చాడు. "బావా, నీ పెండ్లాం పిల్లగాండ్లకు నేనున్న. ఫికర్ చెయ్యకు." కాకి కదల్లేదు. ఈదమ్మ చిన్నకొడుకును ఒళ్లో పెట్టుకుని, "చెలుక భూమి అమ్మనయ్యా, పిలగాన్ని చదివిపిస్త" అన్నది. కదల్లేదు. అన్నలు, వదినెలు, పాలివాళ్లు అందరూ చెప్పారు. ఎండ నెత్తికెక్కింది. పిట్ట ముట్టందే ఇంటికి పోరాదు, పచ్చి మంచినీళ్లు ముట్టరాదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

"వాని పానం కచ్చేరి మీదున్నట్టున్నది" అన్నాడొక ముసలాయన. "ఆ ఉమేదువారు పిలగాడు ఏడి? ముంగటికి రమ్మనుండ్రి."

ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోశారు. కురుమయ్య వెళ్లి నిలబడ్డాడు. "కాకా, నీ దస్త్రాలు పైలంగ జూసుకుంట" అన్నాడు. ఒక కాకి కావుమన్నది, అంతే. అది ఎగతాళి చేసినట్టే వినబడింది. ఎదురుగా ఈదమ్మ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, పెదవులు కదిలిస్తూ ఉంది. ఆమె ముఖం చూడలేక తనూ కళ్లు మూసుకున్నాడు. నోటితో అనలేని మాట మనసులో అన్నాడు. 'కాకా, నువ్వు ఎప్పుడు పోతవా అని సూసిన. నీకు తెల్సు. నీ జాగల నేను కూసోను. నా తల్లి మీద ఒట్టు. దిగు కాకా.'

రెక్కల చప్పుడు. "ముట్టింది! పిట్ట ముట్టింది!" అని అరుపులు. కళ్లు తెరిస్తే కాకి రొట్టెముక్క కరుచుకుని పోతోంది, వెనకే మిగతావి దిగుతున్నాయి. ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకున్నారు. కురుమయ్య అక్కడే కూలబడ్డాడు. అయితే ఇదన్నమాట కాకా మనసులో ఉన్నది.

వారం తిరగకుండానే తహసీల్దారు సాబు పిలిపించాడు. "గుర్వయ్య పని నీకు దప్ప ఎవరికీ తెల్వదంటున్నరు. జిల్లా నుంచి మంజూరు తెప్పిస్త. చేస్తవా?" అన్నాడు. ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట! కురుమయ్య రెండు రోజుల గడువు అడిగి ఊరికి పోయాడు.

నాగులమ్మ పిండి చేతులతోనే కొడుకు ముఖం పట్టుకుంది. "కురుమూర్తి సామి కండ్లు దెర్సిండు! ఏ దలాలు లేకుండనే నా కొడుకు నౌకరి తెచ్చుకున్నడు!" అని వాడకంతా వినబడేట్టు అరిచింది. ఆ అరుపు అయ్యాక కురుమయ్య మెల్లిగా అన్నాడు, ఆ కొలువు చెయ్యనని. ఎందుకని అడిగింది. చెప్పలేకపోయాడు. చావు కోరుకున్నానని ఏ తల్లికి చెప్తాడు? నాగులమ్మ తిట్టలేదు, శపించలేదు. రెండు చేతులు చాపి చూపించింది. పగుళ్లలో మట్టి నల్లగా పట్టుకుని ఉంది. కడిగినా పోని మట్టి.

మర్నాడు కచ్చేరికి తిరిగి వచ్చి సరేనన్నాడు. మాటను సగానికి కోసుకున్నాడు పాపం. కొలువు చేస్తాను, కుర్చీలో మాత్రం కూచోను, ఆ జాగా కాకాదే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చచ్చినవాళ్లతో బేరాలు కుదురుతాయా? ఆ సంగతి గాలయ్యను అడిగినా చెప్పేవాడు.

కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. రికార్డు గుమాస్తా కురుమయ్య దాని పక్కనే గోనెసంచి మీద కూచుని, ఒళ్లో చెక్కపలక పెట్టుకుని, సర్కారు రాతకోతలన్నీ చేశాడు. కొత్తగా వచ్చిన సాబులు ఇదేమిటని గద్దించేవాళ్లు. మైసయ్య వాళ్ల చెవిలో చెప్పేవాడు, "గురువు మీద భక్తి సాబ్" అని. వాళ్లు తల ఊపి ఊరుకునేవాళ్లు. ఊరంతా అదే మాట పాకింది. బడి పంతుళ్లు పిల్లలకు చెప్పేవారు. మైసయ్య ఆ కుర్చీని రోజూ తుడిచి ఒక పువ్వు పెట్టేవాడు. గాలయ్య సైతం బస్సు దిగినవాళ్లకు చూపించేవాడు, "గాయన మస్తు ధర్మాత్ముడు" అని. ఆ పొగడ్త విన్న రోజు కురుమయ్యకు ముద్ద దిగేది కాదు.

ఇక దగ్గు. మొదటి ఏడు వానాకాలంలో మొదలైంది. మిట్టమధ్యాహ్నం, అందరూ వేపచెట్టు కిందికి పోయిన వేళ. ముందు బేత్ అల్లిక కిర్రుమనేది, ఎవరో సర్దుకుని కూచున్నట్టు. తరవాత దగ్గు. బావిలో బొక్కెన రాయికి కొట్టుకున్నట్టు, అదే. ఆగేది. ఆ ఆగినప్పుడే కురుమయ్య ప్రాణం బిగబట్టుకునేవాడు. మళ్లీ మొదలయ్యేది. ఇంకా ఉన్న బిడ్డా.

మొదట్లో బయటికి పరుగెత్తేవాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. భార్య గోపమ్మ తాయెత్తు కట్టించింది, ఎందుకో తెలియకుండానే. లాభం లేకపోయింది. రాను రాను పరుగెత్తడం మానేశాడు. తన రొట్టెలో సగం విరిచి కుర్చీ ముందు బల్ల మీద పెట్టి, గడప మీద కూచుని మిగతా సగం తినేవాడు. బల్ల మీది రొట్టెను చీమలు ముట్టేవి.

రికార్డు గదికి మధ్యాహ్నం కూడా తాళం వెయ్యాలని నియమం. వేసేముందు మైసయ్య గుమ్మంలో నిలబడి, "లోపట ఎవరన్న ఉన్నరా?" అని కేకేసేవాడు. పాత కచ్చేరీల అలవాటు. ఎవ్వరూ లేరు అని బదులు చెప్పాలి. కురుమయ్య నోట ఆ మాట ఒక్కనాడూ రాలేదు. "నేనిక్కడ్నే ఉంట. తాళం వద్దు" అనేవాడు.

"అడిగినదానికి జవాబు చెప్పరాదు సారూ?" అని విసుక్కునేవాడు మైసయ్య.

ఈదమ్మకు మాత్రం ముఖం చూపించలేకపోయాడు. ఆమె బర్రెపాలు అమ్ముకుని బతుకుతోందని తెలుసు. తమ్ముడు కాటమయ్య ఆమె గడప తొక్కడం మానేశాడని తెలుసు, ఎందుకో తెలియదు. పాలచెంబుతో ఆమె ఎదురొస్తుంటే పక్క గల్లీలోకి తిరిగిపోయేవాడు. తను మాట తప్పిన పాపమే ఆ ఇంటిని తింటోందని గట్టిగా నమ్మాడు.

చైనా యుద్ధం జరిగిన మరుసటేడు ఎండాకాలంలో ఈదమ్మే కచ్చేరికి వచ్చింది. కొడుకును హాస్టల్లో చేర్చడానికి సర్టిఫికెట్ కావాలి. కొడుకును వరండాలో నిలబెట్టి రికార్డు గది గడప దాటింది. దాటి, అట్లాగే నిలబడిపోయింది. మొగుడి కుర్చీ. దాని మీద బంతిపువ్వు. పక్కన నేలమీద, వయసు రాకముందే తల సగం నెరిసిన కురుమయ్య.

"ఇదేంది?" అన్నది.

కురుమయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. వెనకనుంచి మైసయ్య గొప్పగా చెప్పాడు. "ఆనాటి సంది గా కుర్చీల కూసోలేదమ్మా. మీ ఆయన మీద గంత భక్తి."

"నువ్వు జర బయటికి పో మైసన్నా" అన్నది ఈదమ్మ. ఆయన పోయాక గొంతు తగ్గించింది. తగ్గిన గొంతులో నిప్పుంది. "కూసోలేదా? ఇన్నేండ్లు? ఎందుకు కొడుకా?"

ఆమె కొడుకా అనడంతో కురుమయ్య కట్ట తెగింది. అన్నీ చెప్పేశాడు. గడప మీది మధ్యాహ్నం, ఆగిన దగ్గు, ఒంటి తేలిక, పిట్ట ముందు మనసులో వేసిన ఒట్టు. "'కాకా, నీ జాగల నేను కూసోను' అని మొక్కిన చిన్నమ్మా. గామాటకే పిట్ట ముట్టింది. కాకా కోరింది గదే."

ఈదమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ మాటకు ముట్టిందా? అయ్యో పిచ్చోడా! మా తమ్ముడు ఆనాడు నా పానం తీసిండు. 'సాబు కాళ్ల మీద వడు, బావ జాగా నా కొడుక్కు ఇప్పియ్యి, నిన్ను మేం సాకుతం' అని. నేను ఊఁ అన్న. పిట్ట దిగలే. ఎంత మందిమి జెప్పినా దిగలే. నువ్వొచ్చి నిలవడ్డవు. అప్పుడు తెల్సింది నాకు. కండ్లు మూసుకున్న. 'అయ్యా, నీ జాగల ఈ పిలగాడే కూసుంటడు. నేను అడ్డం రాను, మా తమ్మున్ని రానియ్య' అని మొక్కిన. గప్పుడు దిగింది పిట్ట!"

ఆనాడు సమాధి ముందు ఇద్దరూ ఒక్క క్షణంలో కళ్లు మూసుకున్నారు. ఇద్దరూ రెండు మాటలు ఇచ్చారు. కాకి ఒక్కసారే దిగింది.

"గామాట నిలవెట్టెతందుకు తోడవుట్టినోడు నా మొఖం సూసుడు బంద్ జేసిండు" అన్నది ఈదమ్మ. ఏడుస్తోంది, తిడుతోంది, రెండూ కలిసిపోయాయి. "పేడ ఎత్తి, పాలు పిండి, పిలగాన్ని సాదుకున్న. నువ్వు కూసున్నవు, సల్లగున్నవు, నా మొగుడు నిమ్మళంగ పోయిండు అనుకుంట బతికిన. నువ్వేమో కుక్కతీరుగ కింద కూసున్నవా? గాయనకు తెల్వదా నీ సంగతి? ఇంటికొచ్చి చెప్పి నవ్వేటోడు. 'నా పోరడు నా దగ్గు ఇనుకుంట కూసుంటడు ఈదమ్మా. పాపం, వానికి వయసు దాటుతున్నది. నేనే జల్ది పోతలేను' అని."

పువ్వు తీసి కిటికీలోంచి అవతల పారేసింది. "కూసో. నా కండ్ల ముంగట కూసో."

కురుమయ్య కూచున్నాడు. బేత్ అల్లికలో గుంత అట్లాగే ఉంది. తన ఒళ్లు అందులో సరిగ్గా సరిపోలేదు. ఈదమ్మ కాసేపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, సర్టిఫికెట్ అడిగింది. ఆ కుర్చీలో కూచుని అతను రాసిన మొదటి కాగితం గుర్వయ్య కొడుకుదే. ఆమె తీసుకుని వెళ్లిపోయింది.

మిట్టమధ్యాహ్నమైంది. అందరూ వేపచెట్టు కిందికి పోయారు. కురుమయ్య సగం రొట్టె విరిచి బల్ల మీద పెట్టాడు, అలవాటు కొద్దీ. కుర్చీలో కదలకుండా కూచుని విన్నాడు. గోడ మీద బల్లి. బయట కాకులు. ఇప్పుడు కిర్రుమంటే అది తన ఒంటి బరువే. దగ్గు రాలేదు. ఒకనాడు గడప మీద ఎప్పుడాగుతుందా అని విన్న చెవులే, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వినబడితే చాలునని రిక్కించుకుని ఉన్నాయి. "కాకా" అని పిలిచాడు. "ఉన్నవా?"

ఎండ కిటికీ దాటి దస్త్రాల మీదికి జరిగింది. చీమలు వచ్చి రొట్టెను ముట్టాయి.

మైసయ్య తాళంచెవులు ఊపుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే కేకేశాడు. "లోపట ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు మైసయ్యా" అన్నాడు కురుమయ్య. అని, ఆ కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.